రోగి పక్షమున నిలుచువాడు

వైద్యుని దేవునిగా భావించుట మనవారికి అనాదిగా వచ్చిన యాచారము. ఆ భావమునందు కృతజ్ఞత యున్నది గావున దానిని మేము పరిహసింపము. కాని దేవుని యెదుట నిలిచినవాడు ప్రశ్నింపడు. చేతులు జోడించును, ముడుపు చెల్లించును, కోరిక తీరనిచో తన ప్రారబ్ధమని సరిపెట్టుకొనును, లేదా వేరొక గుడికి బోవును. మన ఆసుపత్రులలో రోగులయు, వారి బంధువులయు నడవడి ఇంచుమించు ఇట్లే యున్నది. చెప్పినదానికెల్ల తలయూపుట యొకటి, కడుపు మండినప్పుడు అద్దములు పగులగొట్టుట యొకటి, ఈ రెండే మనకు తెలిసిన మార్గములు. వీని నడుమ మూడవ మార్గమొకటి కలదనియు, అది మన ప్రాచీన వైద్యమునకును నవీన శాస్త్రమునకును సమ్మతమైనదే యనియు చదువరులకు మనవి చేయుటయే యీ వ్యాసోద్దేశము.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణము లుండవలెను. అందు రోగికి జ్ఞాపకశక్తి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యము, తన బాధను తెలియజెప్పగలుగుట యను నవి విధింపబడినవి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము కావలెను. నాలుగింటిలో వైద్యుడే ప్రధానుడని యా గ్రంథమే చెప్పుచున్నది, అందులకు మాకును వివాదము లేదు. అయినను తక్కిన మూడు కాళ్లు లేక మంచము నిలుచునా? రోగి మాటలాడుట వైద్యునకు అడ్డు కాదు, చికిత్సలో నది యొక భాగము. పరిచారకుడు కన్ను తెరచి చూచుట అధికప్రసంగము కాదు, అది యాతని విధి. ఈ రెండు సంగతులును నేటి ఆసుపత్రులలో మరుగుపడినవి.

2021వ సంవత్సరము ఏప్రిలు, మే మాసములను మన తెలుగువా రెవ్వరును మరువజాలరు. ఏ వీధిని జూచినను ఒక యింట రోగి, ఒక యింట శోకము. ఆ దినములలో రెమిడెసివిర్ అను నింజక్షను పేరు పసిపిల్లల నోట సైతము వినబడెను. 2020 జూను నుండి హైదరాబాదులోనే తయారగుచు వచ్చిన యా మందు, అవసరమైన సమయమున అంగళ్లలో కానరాకపోయెను. కేంద్రప్రభుత్వము 2021 ఏప్రిలు 11వ తేదీన దాని యెగుమతిని నిషేధించినది, పిమ్మట ధరయు తగ్గింపబడినది. అయినను ఆసుపత్రివారు చీటి వ్రాసి యిచ్చుటయు, బంధువులు రాత్రింబవళ్లు ఊళ్లు తిరుగుటయు మానలేదు.

ఆ చీటీలలో నొకటి మా చేతికిని వచ్చినది. మా బావగారు ఏబది రెండేండ్లవారు, చాలకాలముగా మధుమేహముగలవారు. మే మొదటివారమున ఆయాసము హెచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరిరి. చేరిననాడే ఆరు సీసాల యింజక్షను తెమ్మనిరి. మా మేనల్లుడు రెండు రాత్రులు తిరిగి, ముద్రిత ధరకు కొన్ని రెట్లు పోసి తెచ్చినాడు. నాలుగవనాడు ప్లాస్మా కావలెననిరి, అనగా జబ్బుపడి కోలుకొన్నవారి రక్తమునుండి తీసిన ద్రవము. ఆ రక్తవర్గమువారిని వెదకి తెచ్చు భారము మామీద పడినది.

ఆ ప్లాస్మానుగూర్చి మేము అంతకుముందే చదివి యుంటిమి. భారత వైద్యపరిశోధన మండలివారు దేశమందలి 39 ఆసుపత్రులలో 464 మంది రోగులపై దానిని పరీక్షించి, ఆ ఫలితములను 2020 అక్టోబరులో బ్రిటిషు మెడికల్ జర్నలునందు ప్రకటించిరి. రోగము ముదురుటనుగాని, మరణములనుగాని అది తగ్గించినట్లు కానరాలేదు. ఈ సంగతి మేము పెద్ద వైద్యునితో వినయముగా మనవి చేసితిమి. ఆయన, "మీరు వైద్యులా?" అని యడిగిరి. "కామండీ, రోగి బంధువులము" అంటిమి. "అట్లయిన చెప్పినది తెండు" అని వెడలిపోయిరి.

ఆయనను మేము నిందింపము. ఒక్కొక్క వైద్యుడు నూర్గురను చూచుచున్న కాలమది. మాకు కఠినమైన పరీక్ష వైద్యుని యెదుట గాక, ఆసుపత్రి వరండాలో మా యక్కయ్య యెదుట ఎదురైనది. ఆమె మా మాటలు వినియుండెను. "తమ్ముడూ, నీ చదువు నా పసుపుకుంకాలకంటె ఎక్కువా? రేపు ఏదైనా అయితే, ఆ ఒక్క మందూ వేయించలేదే అని జన్మంతా కుమలవలసినదాన్ని నేను కదా!" అని యేడ్చినది. చదువరులారా, ఆ ప్రశ్నకు ఏ పత్రికలోని యంకెలు సమాధానము చెప్పగలవు? అంకె లబద్ధమాడవు, కాని అవి యేడ్చుచున్నవారి చేయి పట్టుకొనలేవు.

"వద్దు" అనుటకు మాకధికారము లేదు. ఆమె భర్త, ఆమె సంసారము. కనుక మేము మందును కాదనలేదు. దాని కారణమును ఆమెకు తెలుగులో చెప్పుడని మాత్ర మడిగితిమి. రాత్రిపాళి చూచుచున్న యువవైద్యు డొకడు, ముఖమున అలసట తాండవించుచున్నను, ఆమె ప్రక్కన బల్లపై పది నిమిషములు కూర్చుండెను. ప్లాస్మావలన ప్రాణము నిలిచిన దాఖలా పరీక్షలలో కానరాలేదనియు, ఎక్కించునపుడు కొందరికి వికటించు నవకాశము కలదనియు, ఇప్పుడు రోగిని కాపాడుచున్నవి ఆక్సిజను, స్టెరాయిడు, బోర్ల పరుండుట యను నీ మూడే యనియు చెప్పెను. అంతయు విని, "మొన్ననే ఈ మాట చెప్పియుంటే ఇంత తిరుగుడు తిరగకపోదుమే బాబూ, వద్దులెండి" అని యామెయే నిశ్చయించెను. మే 17వ తేదీన ప్రభుత్వమువారే తమ చికిత్సావిధానమునుండి ప్లాస్మాను తొలగించిరి.

స్టెరాయిడు ప్రసక్తి వచ్చినది గనుక మరియొక్కటి చెప్పవలెను. డెక్సామెథజోను అను చౌక మందు, 2020 జూనులో ఇంగ్లండునందలి రికవరీ పరీక్షవలన ప్రాణదాయకమని తేలినది. శ్వాసయంత్రముపై నున్నవారి మరణములను సుమారు మూడవవంతును, ఆక్సిజనుపై నున్నవారి మరణములను ఐదవవంతును అది తగ్గించెను. ఆక్సిజను అక్కరలేనివారికి మాత్రము మేలు చేయలేదు. పాతకాలపు సామాన్యమైన మందగుటచే కాబోలు, దానికొరకు ఊళ్లు తిరిగినవారిని మేము చూడలేదు. కాని యది రక్తమునందు చక్కెరను పెంచును. మా బావగారి పడక చివర వ్రేలాడుచున్న పట్టికలో చేరిననాటి చక్కెర లెక్క తప్ప వేరొకటి లేకుండుట గమనించి, అచ్చటి నర్సమ్మ కది చూపితిమి. ఆమె విసుగుకొనక వెంటనే పరీక్షించినది. నాలుగు వందలు దాటియుండెను. ఆనాటినుండి ఇన్సులిను మొదలైనది. మధుమేహము, స్టెరాయిడు కూడినచోట నల్లబూజు జబ్బు కన్నులను, దవడలను హరించుచున్న మాసమది. నర్సమ్మ చేసినది వైద్యము. మేము చేసినది చూచుట మాత్రమే. చరకుడు పరిచారకుని కొక పాద మిచ్చుట యెందులకో మాకానాడు స్పష్టమైనది.

ధనికుల యింజక్షనునకు కృష్ణపట్నము మందు జంట. నెల్లూరు జిల్లాలోని యా గ్రామమున ఆనందయ్య యను నాయన మూలికలతో మందుచేసి ఉచితముగా పంచగా, 2021 మే నెలలో వేలకొలది జనము ఒకరిపై నొకరు పడుచు వచ్చిరి. మే 21వ తేదీన పంపిణీ ఆగినది, మే 31వ తేదీన రాష్ట్రప్రభుత్వము కంటి చుక్కలు తప్ప తక్కినవానికి అనుమతి నిచ్చినది. పట్టణములందలి విద్యావంతులు దానిని చూచి నవ్విరి. మాకు నవ్వు రాలేదు. రుజువుకాని మందునకై లక్షలు పోసినవాడును, రుజువుకాని మందునకై ఉచితముగా వరుసలో నిలిచినవాడును ఒకే భయమునకు లోనైనవారు. వేరువేరు కొలమానములతో వారిని కొలుచుట న్యాయము కాదు. సాక్ష్యమును ఇద్దరివద్దను అడుగవలసినదే. మా విద్యార్థి యొకని తండ్రి, ఆటో నడుపుకొను నాయన, "పంతులుగారూ, కృష్ణపట్నం వెళ్ళమంటారా?" అని యడిగెను. "ఆ మందు జబ్బును కుదుర్చునని యెవరును పరీక్షించి చెప్పలేదు, ఆ గుంపు మాత్రము జబ్బును తప్పక అంటించును. వ్రేలికి పెట్టి చూచు పరికరము తొంబది నాలుగుకు దిగువ చూపినచో నాకు ఫోను చేయుము, ఇద్దరము ఆసుపత్రికి పోదము" అంటిమి. ఆయన వెళ్లలేదు. మా వాదముకంటె "ఇద్దరము" అను మాటయే ఆయనను ఆపినదని మా నమ్మకము.

శాస్త్రము పూట కొక మాట చెప్పునని నిందించువారు కలరు. రెమిడెసివిర్ కథయే వారికి ఉదాహరణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 నవంబరులో దానిని వాడవద్దనెను. 2022లో తన పెద్ద పరీక్ష ముగిసినపిమ్మట, శ్వాసయంత్రము లేక ఆక్సిజనుపై నున్నవారిలో మరణములు నూటికి 16.3 నుండి 14.6కు తగ్గినట్లు తేల్చి, కొందరు రోగులకు వాడవచ్చుననెను. కనుక అది సంజీవని యన్నవారి మాటయు, వట్టి నీరన్నవారి మాటయు రెండును నిలువలేదు. లెక్క మారినప్పుడు మాట మార్చుకొనుట చపలత్వము కాదు, సత్యనిష్ఠ. మాట మార్చుకొననిది వ్యాపారము, మూఢభక్తి.

మా బావగారు పందొమ్మిది దినములకు ఇల్లు చేరిరి. కాని మెట్లెక్కలేరు, చెప్పబోవు మాట మరచిపోవుదురు. ఇట్లు ఎనిమిది మాసములు. చూపించిన చోటనెల్ల, "పరీక్షలన్నియు బాగున్నవి, మీకేమియు లేదు, అంతయు మనోభ్రాంతి" అను సమాధానమే. ఇట్టి బాధకు లాంగ్ కోవిడ్ అను పేరు 2020లో పెట్టినవారు వైద్యులు కారు, రోగులు. దేశదేశములందలి రోగులు తమ బాధను తామే వ్రాసి, లెక్కించి, విడువక చెప్పగా, 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానికి నిర్వచన మిచ్చినది. తన బాధను తెలియజెప్పగలుగుట రోగి గుణమన్న ప్రాచీనుల మాట కింతకంటె నిదర్శనము వేరే కావలెనా?

ఇక కర్తవ్యము. రోగికి తెలిపి సమ్మతి గైకొనవలెనని సుప్రీముకోర్టు 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున తీర్పు చెప్పియున్నది. కోరిన 72 గంటలలో రోగి కాగితముల నకళ్లు ఇయ్యవలెనని వైద్యమండలివారు 2002లోనే నిబంధన చేసిరి. ఇవి యెందరికి తెలియును? తెలిసినను ఆంగ్లమున నున్న కాగితము పల్లెవానికి ఏమి చెప్పును? ప్రతి యాసుపత్రియందును మందు పేరు, ఇచ్చు కారణము, ఖరీదు తెలుగులో వ్రాసిన చీటి నొకదానిని రోగివారి చేతి కియ్యవలెను. ప్రతిదినము ఒక వేళ నిర్ణయించి, బంధువులతో మాటలాడుట కొకరిని నియమింపవలెను. ఇందులకు కోట్లు అక్కరలేదు, ఆ యువవైద్యుడు వెచ్చించిన పది నిమిషములు చాలును.

ఉపాధ్యాయులమైన మాకును పని కలదు. మందును పరీక్షించు విధానమును పదవ తరగతి బాలురకు ఒక్క గంటలో చెప్పవచ్చును. తరగతిని చీట్లు వేసి రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు మందు, ఒక జట్టునకు మామూలు చికిత్స యనుకొని, పిమ్మట ఇరుజట్ల ఫలితములను పోల్చుటయే గదా! "మా మామకు నయమైనది" అను మాటకును, "నయమైనవా రెందరు, కానివా రెందరు?" అను ప్రశ్నకును గల భేదము పదునైదేండ్ల బాలునకు బోధపడినచో, రేపు వాని యింట రోగి యున్నప్పుడు వాడు తలయూపి ఊరకుండడు, అద్దమును పగులగొట్టడు. పడకప్రక్కన కూర్చుండి, పట్టిక చూచి, మర్యాదగా అడుగును. అట్టివా డొక్కడు ప్రతి యింటను ఉండవలెనని మా కోరిక.