మా పంతులుగారికి ఆ రెండేళ్లు

దేశమంతా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 ఉగాది రోజు. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని ఆ ఏడు అందరూ వాట్సాప్‌లో పంపుకున్నారు. ఏటా మా ఇంటికొచ్చి పంచాంగం చదివే పంతులుగారు ఫోన్లోనే నాలుగు ముక్కలు చెప్పి, "ఆదాయ వ్యయాలు ఈసారి అడక్కండమ్మా" అని పెట్టేశారు.

మద్రాసులో స్థిరపడ్డ మనలాంటి ఇళ్లకు పురోహితుడంటే గుడి మనిషి కాదు, ఇంటి మనిషి. చుట్టూ తమిళ వాధ్యార్లు ఎంతమంది ఉన్నా, మన పద్ధతిలో తద్దినం పెట్టించడానికి, మూడు తరాల పేర్లు కాగితం చూడకుండా చెప్పడానికి ఆయనే కావాలి. గుడి మూసినా అర్చకుడికి లోపల నిత్యపూజ మిగిలింది. ఈయన పనంతా జనం ఇళ్లలోనే. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, వ్రతాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. 2021 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం నెలజీతం లేని అర్చకులకు 4,000 రూపాయలు, 10 కిలోల బియ్యం ఇచ్చింది. మంచి పనే. కానీ అది గుళ్లలో పనిచేసేవాళ్లకు. స్కూటర్ మీద ఇల్లిల్లూ తిరిగే పురోహితుడు ఏ గుడి పట్టీలో ఉంటాడు?

డబ్బు సంగతి ఇంతటితో చాలు. ఆయన్ని కుంగదీసింది అది కాదు.

ఆ ఏడు మా తాతగారి తద్దినం ఫోన్లో జరిగింది. సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో మొదలుపెట్టి, కూర్చున్న ఇంటిదాకా చెప్పుకోవాలి కదా. ఆయన చూళైమేడులో, మేము వేళచ్చేరిలో. "ఎవరి ఇంట్లో కూర్చున్నట్టు చెప్పనమ్మా?" అని నవ్వారు. ఆ నవ్వు మాకు నచ్చలేదు. భోక్తలు రాలేరు కాబట్టి ఆమశ్రాద్ధం: బియ్యం, పప్పు, కూరలు, దక్షిణ పక్కన పెట్టడం. ఆపద్ధర్మంగా శాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ ఎన్నో ఏళ్లుగా పరాయి ఇళ్లలో పితృదేవతల స్థానంలో కూర్చుని భోంచేసిన మనిషి ఆయన. ఇప్పుడు మా వంట తినడానికి ఆయనకు భయం, ఆయన మా గడప తొక్కితే మాకు భయం.

మంత్రాలు తెలుగులో టైపు చేసి పంపేవారు. కన్నడ మీడియంలో చదివిన మేము తలకట్ల దగ్గర తడబడుతుంటే అవతలి నుంచి స్వరం దిద్దేవారు. దిద్దేటప్పుడు మాత్రం గొంతు పాతలాగే ఉండేది.

2021 ఏప్రిల్, మే నెలలు వేరు. శుభకార్యాలు లేవు, అపరకర్మలే. శ్మశానంలో కిట్లు తొడుక్కున్న మనుషులు, కొడుకెక్కడో క్వారంటైన్‌లో, ఫోన్ స్పీకర్లో ఈయన మంత్రం. ఒక్కోరోజు నాలుగైదు. ప్రతిసారీ ఫోన్ పెట్టేసి స్నానం చేసేవారట, ఇల్లు కదలకపోయినా. ఎందుకండీ అంటే, "మైల ఒంటికి అంటలేదమ్మా, చెవికి అంటింది" అన్నారు. సంధ్యావందనంలో గాయత్రి లెక్క తప్పుతోందని, మొదటినుంచి మొదలుపెట్టినా మళ్లీ తప్పుతోందని చెప్పారు. నిద్రలో గోత్రంతో సహా పోయినవాళ్ల పేర్లు పలుకుతున్నారని వాళ్లావిడ మా అమ్మ దగ్గర ఏడ్చింది.

డాక్టరుకి చూపించమంటే ఆయన ఒకటే మాట: "పంతులే దిగులుపడ్డాడంటే ఇంక ఎవరు పిలుస్తారు?"

ఇక్కడే మాకు కోపం వస్తుంది. చర్చి పాస్టరుకైనా కష్టమే, కాదనం, కానీ చాలాచోట్ల ఆయనకు పైన ఒక బిషప్పు, వెనక ఒక సంఘం ఉంటాయి. మన పురోహితుడికి పైన దేవుడు, కింద మనం. మనం ఫోన్ చేసేది ముహూర్తం అడగడానికే.

కొంత తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది. మందులు వాడారు, మాత్రల పేరు ఇప్పటికీ చెప్పరు. తద్దినాలకు వస్తారు, భోక్తగా మాత్రం కూర్చోరు, ఇంకొకర్ని వెంటబెట్టుకొస్తారు. పదో రోజు, పన్నెండో రోజు పనులకు తమ్ముడి కొడుకుని పంపుతున్నారు. ఫోన్లో చేయించే పని మాత్రం ఒప్పుకోవద్దని ఆ కుర్రాడికి గట్టిగా చెప్పారట.