పాప బీజగణితం, మా పరీక్ష



ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటకు వస్తున్నప్పుడు ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతారు: "పాపగారు ఏం చదువుతున్నారు అయ్యగారూ?" రెండేళ్ళపాటు మేము "ఇంట్లోనే చదువుకుంటోంది" అని చెప్పి మాట మార్చేవారము. ఎందుకు మార్చామో ఈ నెల దాచకుండా చెప్పదలచాము. ఇలాంటి అవసరం మీ ఇంటికి వస్తే మా పొరపాటు మీకు ఉపయోగపడవచ్చు.

2022లో మా అమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుతుండగా బడి నుంచి వస్తున్న ఆటో బోల్తాపడి తొడ ఎముక విరిగింది. రెండు ఆపరేషన్లు జరిగాయి. కర్ర లేకుండా నడిచేసరికి ఏడాది దాటింది. అప్పటికి తోటి పిల్లలు పై తరగతికి వెళ్ళిపోయారు. చిన్నపిల్లల మధ్య కూర్చోలేనని ఏడ్చింది. బడి మెట్లు ఎక్కడం కూడా కష్టమే. మేమిద్దరమూ ఆలోచించి ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకున్నాము.

అందుకు దారి లేకపోలేదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1989 నుంచి పనిచేస్తోంది. 14 ఏళ్ళు నిండినవారు అందులో చేరి పదవ తరగతి పరీక్ష రాయవచ్చు. తెలుగులో కూడా రాయవచ్చు. ఐదు సబ్జెక్టులు పాసు కావాలి. అన్నీ ఒకేసారి రాయనక్కరలేదు. ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు అవకాశం ఉంటుంది, పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలుస్తుంది. లెక్కలు తీసుకోకుండానే ఐదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు కూడా.

ఈ చివరి మాట విని మేము లోలోపల సంతోషించాము. కాని మా అమ్మాయి ఒప్పుకోలేదు. పాలిటెక్నిక్‌లో చేరి ఇళ్ళు కట్టే చదువు చదవాలని దాని ఆశ. ఆ ప్రవేశ పరీక్షలో లెక్కలు తప్పవు. "డాడీ, నాకు లెక్కలు కావాలి" అంది.

అప్పుడు ఒక కంపెనీ ప్రతినిధి మా ఇంటికి వచ్చాడు. ట్యాబ్‌లో రంగురంగుల పాఠాలు చూపించాడు. పాప ఏ తరగతి అని అడిగాడు గాని, ఏమి వచ్చునో అడగలేదు. మేమూ అడగాలని అనుకోలేదు. ఖరీదు మా నాలుగు నెలల జీతం. వాయిదాల మీద తీసుకున్నాము. గోపురం కట్టబోయేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలనే ఉపమానం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో! మా ఇంటి విషయంలో మాత్రం ఆ లెక్క చూసుకోలేదు.

మూడు నెలల్లో బీజగణితం పాఠాలన్నీ పూర్తయ్యాయి. ప్రతి పాఠం పక్కన పచ్చగుర్తు. సంతోషించి ఒక రాత్రి పుస్తకం తెరిచి, చివర జవాబు ఉన్న ఒక లెక్క ఇచ్చాము. "ఒక సంఖ్యలోంచి 4 తీసి, మిగిలినదాన్ని 3తో గుణిస్తే, ఆ సంఖ్యకు రెట్టింపు కంటే 5 ఎక్కువ వచ్చింది. ఆ సంఖ్య ఎంత?" అమ్మాయి చాలాసేపు రాసి, కొట్టివేసి, 9 అంది. జవాబు 17. మాకు కోపం వచ్చింది. వాయిదాల మాట ఎత్తాము, అనకూడని మాటలు అన్నాము. అమ్మాయి తలవంచుకుని ఒకటే అడిగింది: "డాడీ, ఈ మూడు నెలల్లో నా నోటుపుస్తకం మీరు ఒక్కసారైనా చూశారా?"

చూడలేదు. ఎందుకు చూడలేదో ఆ రాత్రి దానికి చెప్పవలసి వచ్చింది. ఈ మాటలు రాస్తున్న మేము పదవ తరగతిలో లెక్కలు తప్పాము. రెండోసారి రాసి ఎలాగో గట్టెక్కాము. తరువాత వేదాంత కళాశాలలో డిప్లొమా చేశాము, గ్రీకు అక్షరాలు దిద్దాము, కాని లెక్కల పుస్తకం మళ్ళీ ముట్టలేదు. సంఘంలో ఎవరికీ ఈ సంగతి తెలియదు, పిల్లకు కూడా తెలియదు. మేము కొన్నది పాఠం కాదు ప్రియులారా, దాని పక్కన కూర్చోకుండా తప్పించుకునే దారి. ఈ సంగతి విన్నాక అమ్మాయి మొదటిసారి నవ్వింది. "అయితే ఇద్దరం కలిసి నేర్చుకుందాం" అంది.

మరునాటి నుంచి వేరే విధంగా వెదికాము. ఉచితంగా దొరికేవి మూడు చూశాము. ఒకటి, ఓపెన్ స్కూలు సొంత పాఠ్యపుస్తకం. దానికి తోడు 2017లో ప్రారంభమైన ప్రభుత్వ వేదిక స్వయం. రెండవది, అదే ఏడాది వచ్చిన దీక్ష. బడి పుస్తకాల్లో ఉండే చదరపు గుర్తును ఫోనుకు చూపితే దానిలోని పాఠం తెరుచుకుంటుంది. మూడవది, ఖాన్ అకాడమీ. అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే ఆయన 2004లో దూరాన ఉన్న తన బంధువుల పిల్లకు లెక్కలు చెప్పడంతో మొదలై, 2008లో లాభాపేక్ష లేని సంస్థ అయింది.

దేన్నీ పేరు చూసి ఎంచుకోలేదు. ఒక్కొక్కదాన్ని వారం రోజులు పక్కన కూర్చుని చూసి, మూడు ప్రశ్నలు వేసుకున్నాము. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో ఇది కనిపెడుతుందా? చూడడమే గాక చేత రాయిస్తుందా? తప్పు చేస్తే ఎందుకు తప్పో చెబుతుందా? ఖాన్ అకాడమీలో అభ్యాసాలు ఎక్కువ. తప్పితే మెట్టు మెట్టుగా సాయం చూపిస్తుంది. అవసరమైతే కింది తరగతికి వెనక్కి వెళ్ళవచ్చు. అయితే మేము వాడినది ఇంగ్లీషులో ఉంది, మా అమ్మాయి చదివింది తెలుగు మాధ్యమం. అందుకని ఒకవైపు తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెచ్చుకున్నాము. ఈక్వేషన్ అంటే సమీకరణం, వేరియబుల్ అంటే చలరాశి, కోఎఫిషియంట్ అంటే గుణకం అని గోడమీద కాగితం అంటించాము. అభ్యాసానికి ఖాన్ అకాడమీ, పరీక్షకు ఓపెన్ స్కూలు పుస్తకం అని స్థిరపడ్డాము. మా ఇంట్లో సిగ్నలు సరిగా అందదు గనుక సాయంకాలం మందిరం డాబా మీద చాప వేసుకుని కూర్చుంటున్నాము.

అలా కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. అమ్మాయికి రానిది బీజగణితం కాదు. బ్రాకెట్ బయట ఉన్న 3 లోపలి రెండింటినీ గుణించాలని దానికి తెలియలేదు. సంఖ్యను గుణించి, 4ను అలాగే వదిలేసింది. అందుకే 9 వచ్చింది. మైనస్ గుర్తు చూస్తేనే భయం. ఇవన్నీ కింది తరగతుల్లో కుదరవలసినవి. ఆరవ తరగతి పుస్తకానికి వెనక్కి వెళ్ళాము. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, ఋణం అనే మాటలతో ఈ గుర్తుల నియమాలు రాశాడు. ఋణం అంటే అప్పే కదా! కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని, అప్పులో అప్పు కొట్టివేస్తే మనకు లాభమని చెప్పుకున్నాక భయం కొంత తగ్గింది.

ఒక సాయంకాలం నాట్ల ముఠా నడిపే మా సంఘ సహోదరి ఒకామె మెట్లమీద కూర్చుని కూలి పంచుతోంది. గుత్త 9,000 రూపాయలు. రోజంతా వంగినవారు 14 మంది, మధ్యాహ్నం నుంచి వచ్చినవారు ఇద్దరు. ఆమె కాగితం ముట్టకుండా "తలకి ఆరొందలు, ఆ ఇద్దరికీ మూడొందల చొప్పున" అంది. ఎలా చెప్పావమ్మా అని అడిగితే, "ఆ ఇద్దరూ కలిస్తే ఒక మనిషే కదా అయ్యగారూ, మొత్తం పదిహేను" అంది. మా అమ్మాయి గబగబా నోటుపుస్తకంలో కూలిని చలరాశిగా రాసుకుని, సమీకరణం వేసి చూసింది. 600 వచ్చింది. బడిముఖం చూడని ఆ తల్లి చేసింది బీజగణితమేనని మాకు అప్పుడు అర్థమైంది.

ఆల్జీబ్రా అనే మాట అరబ్బీలోని అల్-జబ్ర్ నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులో ఆ మాట ఉంది. విడిపోయినదాన్ని తిరిగి కూర్చడమని దాని అర్థం. పాతకాలం స్పెయిన్‌లో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవారిని కూడా ఆ మాట నుంచి పుట్టిన పేరుతోనే పిలిచేవారు. ఇది చెప్పినప్పుడు అమ్మాయి తొడమీది కుట్ల మచ్చను తడుముకుని ఊరుకుంది. మేమూ ఏమీ అనలేదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలకు ఇలాంటి కోర్సు ఎంచుకోవలసి వస్తే ముందు డబ్బు కట్టకండి. కింది తరగతి లెక్కలు పది ఇచ్చి, ఎక్కడ ఆగిపోయారో చూడండి. ఉచితంగా ఉన్నవి వారం పాటు పరీక్షించండి. పచ్చగుర్తులు లెక్కపెట్టకండి, నోటుపుస్తకం తిప్పండి. మీకు లెక్కలు రాకపోతే ఆ మాటే పిల్లలతో చెప్పండి. రాని తండ్రి పక్కన కూర్చుంటే పిల్లలు చిన్నచూపు చూస్తారని మేము భయపడ్డాము. మా ఇంట్లో అలా జరగలేదు.

అమ్మాయి లెక్కల పరీక్ష ఇంకా రాయలేదు. ట్యాబ్ వాయిదాలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. నిన్న డాబామీద పన్నెండు లెక్కలు చేశాము. దానికి పది వచ్చాయి, మాకు తొమ్మిది. మేము తప్పిన మూడూ అదే దిద్దింది.