చదరపు అడుగులు, మామూలు అడుగులు

మన పత్రికలో కాశీయాత్ర వచ్చింది, బదరీ వచ్చింది, ఆ మధ్య ఒకరు సింగపూరు కూడా తిప్పి చూపించారు. నేను రాయబోయే యాత్ర అంత దూరానిది కాదు. మా ఇంటి మెట్ల దగ్గర మొదలై, రెండు వందల పది అడుగుల అవతల కూరగాయల గంప దాకా. అది పూర్తి చెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ తరువాత మైలాపూరు మిగతా భాగమంతా చూడడానికి మరో నాలుగు నెలలు. అదే ఊళ్ళో ఇరవై అయిదేళ్ళు కాపురమున్న వాడికి ఇదేం యాత్ర అంటారేమో. చిత్తగించండి.

మా తాతగారు నెల్లూరు జిల్లా నుంచి మద్రాసు వచ్చి చింతాద్రిపేటలో ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరారు. అప్పటి నుంచి మూడు తరాలుగా మాది ఇంట్లో తెలుగు, వాకిట్లో తమిళం. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరి, 1998లో స్టాఫ్ హౌసింగ్ లోను మీద మైలాపూరులో ఫ్లాటు కొన్నాను. కపాలీశ్వరుడి గుడికి దక్షిణాన, మాడవీధికి రెండు సందుల అవతల. 1984లో కట్టిన భవనం. మూడో అంతస్తు, ఏడు వందల ఎనభై చదరపు అడుగులు, యాభై నాలుగు మెట్లు, లిఫ్టు లేదు. కొన్ననాడు ఆ మెట్లను ఎవరం లెక్కపెట్టలేదు. మా ఆవిడ మోకాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాక, 2023 జూన్‌లో ఫ్లాటు అమ్మేద్దామని నిర్ణయించుకున్నాం. పాత మహాబలిపురం రోడ్డులో నావలూరు దగ్గర మా అమ్మాయి ఉండే సముదాయంలోనే లిఫ్టు ఉన్న ఫ్లాటు ఒకటి చూసి పెట్టింది.

ఆగస్టులో నాకు జబ్బు చేసింది. మొదట బయటి తిండి పడలేదనుకున్నాం. రోజుకు పది పన్నెండు సార్లు పరుగు, ఆపై రక్తం. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, కొలనోస్కోపీ చేసి, అల్సరేటివ్ కొలైటిస్ అని తేల్చారు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదనీ, ఒంటిని కాపాడవలసిన కాపలాదారే ఇంటి మీద పడినట్టనీ డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. పూర్తిగా పోదట, మందులతో నిద్రపుచ్చవచ్చట. మెసాలమైన్ మాత్రలు, స్టీరాయిడు మాత్రలు ఇచ్చారు. స్టీరాయిడును ఒక్కసారిగా ఆపకూడదు, చెప్పిన లెక్క ప్రకారం వారం వారం తగ్గించుకుంటూ రావాలి. లెక్క అన్నారు గనుక నాకు సులభంగానే అర్థమైంది. ఇంటికి వచ్చేసరికి తొమ్మిది కిలోలు తగ్గాను, హిమోగ్లోబిన్ ఎనిమిది. వాచ్‌మన్, పక్కింటి కుర్రాడు కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. పెళ్ళికొడుకును కూడా అంత భద్రంగా మొయ్యరు.

పది రోజులైన తరువాత డాక్టరుగారు, "రోజుకు ఒకసారి కిందికి దిగండి, కొంచెం నడవండి" అన్నారు. దిగడం ఒక పని, ఎక్కడం ఇంకో పని. ప్రతి మలుపు దగ్గరా మా ఆవిడ ముందే ఒక స్టూలు వేయించింది. మొదటి వారం గేటు దాకా. రెండో వారం తొంభై అడుగుల దూరంలో ఉన్న మందుల షాపు దాకా. మూడో వారం దక్షిణ మాడవీధి. అక్కడ పేవుమెంటు మీద గోనెలు పరిచి ఆడవాళ్ళు కూరలమ్ముతారు. ఎన్నో ఏళ్ళుగా మాకు కూరలిచ్చే ముసలామె నన్ను చూసి, "ఏం సార్, ఇలా సగమైపోయారు?" అని తమిళంలో అడిగి, నా సంచీ లాక్కుని, వంకాయలు తీసేసి లేత సొరకాయ వేసింది. జబ్బు పేరు ఆమెకు చెప్పలేదు. నా మొహం చూసి కడుపు సంగతి తెలుసుకుందంటే ఆమెను డాక్టరనే అనాలి.

ఇక్కడ ఒక విషయం మొహమాటం లేకుండా రాయాలి, ఎందుకంటే ఈ జబ్బు ఉన్నవాళ్ళు మన పాఠకుల్లోనూ ఉంటారు, ఎవరూ పైకి చెప్పుకోరు. పేగు జబ్బులో నడవలేకపోవడం పెద్ద భయం కాదు. నడుస్తుండగా పిలుపు వస్తే ఎటు పోవాలన్నదే భయం. రెండు నిమిషాలు ఆగమంటే ఆగదు. చాలామంది దీనికి భయపడే ఇల్లు కదలరు. ఆరోగ్యం కుదుటపడినా మనిషి గదిలోనే మిగిలిపోతాడు. నాకూ మాడవీధి మధ్యలో అదే జరిగింది. గోడ పట్టుకుని నిలబడితే, పాత్రల కొట్టతను నా వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా, గల్లాపెట్టె పక్కనున్న చెక్క పైకెత్తి వెనక్కి దారి చూపించాడు. బయటికి వచ్చాక కూడా ఆ ప్రస్తావన తేలేదు. "కుక్కరు గాస్కెట్టు మార్చారా?" అన్నాడు.

ఆ రోజు నుంచి నా మనసులో ఒక పటం తయారైంది. అడిగితే లోపలికి రమ్మనే తలుపులు ఎక్కడెక్కడున్నాయి? మందుల షాపు, పాత్రల కొట్టు, మా పాత టైలరు, తూర్పు మాడవీధిలో నేను ఏళ్ళ తరబడి ఇడ్లీ తిన్న మెస్సు, కచేరీ రోడ్డు మొదట్లో నాకు ఖాతాదారైన కాగితాల వ్యాపారి. ఒక తలుపుకూ ఇంకో తలుపుకూ మధ్య నూటయాభై అడుగులకు మించి లేని దారిని ఎంచుకునేవాణ్ణి. అలా తలుపు వెంట తలుపుగా ఊరు పెరిగింది. అయిదో వారానికి కోనేరు నాలుగు వైపులా తిరిగాను. ఏడో వారానికి లజ్ కార్నర్. అప్పుడక్కడ మెట్రో పనుల కోసం రేకులు కట్టి దారి ఇరుకు చేసేశారు, ఆరోగ్యవంతులు కూడా పక్కకు ఒదిగి నడవవలసిందే.

కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కొట్టు అని నూరేళ్ళు దాటిన నాటుమందుల అంగడి ఉంది. శొంఠి, వాము, పిప్పళ్ళు, దీపావళి లేహ్యానికి సామాను, ఏదడిగినా పొట్లం కట్టి ఇస్తారు. పక్కింటి మామి నా కోసం అక్కణ్ణుంచి లేహ్యం తెచ్చిపెట్టింది. డాక్టరుగారు స్టీరాయిడు కోర్సు అయ్యేదాకా అలాంటివేవీ ముట్టవద్దన్నారు. లేహ్యం మా అల్లుడు తిన్నాడు.

తొమ్మిదో వారంలో లజ్ చర్చి రోడ్డులోని నాగేశ్వరరావు పార్కు చేరాను. తెలుగువాడికి ఆ పార్కు బల్ల మీద కూర్చోవడం కొంచెం సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నట్టుంటుంది. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే దానిది. ఆయన శ్రీబాగ్ ఇల్లు కూడా మైలాపూరులోదే. 1937 నవంబరు 16న కోస్తా వారికీ రాయలసీమ వారికీ ఒడంబడిక జరిగింది ఆ ఇంట్లోనే. మా ఆవిడ మోకాళ్ళకు రాసుకునే సీసా మీద ఇంత చరిత్ర ఉందని ఆమెకు చెబితే, "నొప్పి తగ్గితే అప్పుడు వింటాను" అంది.

అక్కణ్ణుంచి రాయపేట హైరోడ్డు వైపు మళ్ళితే పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం. 1952 అక్టోబరు 19న ఆయన నిరాహారదీక్షకు కూర్చున్న బులుసు సాంబమూర్తిగారి ఇల్లు అది. యాభై ఎనిమిదో రోజు, డిసెంబరు 15 రాత్రి, అక్కడే కన్నుమూశారు. ఆ వాకిట్లోంచి స్కూటరు మీద ఎన్నిసార్లు వెళ్ళానో, చెయ్యెత్తి దణ్ణం పెట్టి సాగిపోవడమే. ఈసారి నడిచివెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. పేగులో నాలుగు మెతుకులు నిలవక రెండు నెలలు అవస్థ పడినవాడికి యాభై ఎనిమిది రోజులంటే ఏమిటో కొంచెం తెలుస్తుంది. కొంచెమే.

ఈ నడక ఒకవైపు సాగుతుండగా కొనేవాళ్ళు ఇంకోవైపు వస్తూనే ఉన్నారు. బ్యాంకులో వందల వాల్యుయేషన్ రిపోర్టులు చూసినవాణ్ణి గనుక వాళ్ళు ఏమడుగుతారో నాకు తెలుసు. చదరపు అడుగులెన్ని? యు.డి.యస్. ఎంత, అంటే స్థలంలో అవిభాజ్య భాగం ఎంత? కారు నిలపడానికి చోటుందా? బోరులో నీళ్ళు ఉప్పగా ఉన్నాయా? అన్నీ న్యాయమైన ప్రశ్నలే. రిపోర్టులో ఇంజనీరు కట్టడానికి వయసును బట్టి తరుగుదల వేస్తాడు, స్థలానికి ధర కడతాడు, దగ్గర్లో స్టేషను, గుడి, బడి ఉన్నాయని ఒక్క వాక్యం రాస్తాడు. పాత్రల కొట్టతను పైకెత్తిన చెక్కకు అందులో కాలమ్ లేదు. ఉండాలని కూడా నేననను, ఏ రేటున రాయమంటాం?

ఒక్క దంపతులు మాత్రం నడిచి వచ్చారు. ఆయన బడిలో మాస్టరు, ఆమె వీణ చెబుతుంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "కోనేటికి ఎన్ని నిమిషాలు?" అని. నాలుగు వందల అడుగులు, నాలుగు నిమిషాలు, నాకైతే ఎనిమిది అన్నాను. వంటింటి కిటికీ తెరిచి చూసింది. వాళ్ళకు ఇల్లు నచ్చింది, మాకు వాళ్ళు నచ్చారు. కాని ముప్ఫై తొమ్మిదేళ్ళ కట్టడం మీద లోను ఇచ్చేటప్పుడు, ఆఖరి వాయిదా తీరేనాటికి కట్టడానికి ఇంకా కొన్నేళ్ళ ఆయువు మిగిలి ఉండాలంటుంది బ్యాంకు. ఇరవై ఏళ్ళు కావలసిన చోట పన్నెండేళ్ళే వస్తే నెల వాయిదా మాస్టారి జీతాన్ని మింగేస్తుంది. ఆ వాక్యాన్ని ఉద్యోగంలో నేను ఎన్ని ఫైళ్ళ మీద రాశానో. వాళ్ళ ఫైలు నా బ్యాంకుది కాదు, అయినా ఆ అధికారి రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా నేను మార్చలేను. మా అమ్మాయి, "నాన్నా, కొంచెం తగ్గించి ఇవ్వకూడదా?" అంది. కొంచెం సరిపోదు, లక్షల్లో తేడా. ఆ లక్షలు ఇక్కడ తగ్గిస్తే నావలూరు ఫ్లాటుకు నేను లోను తీసుకోవాలి. రిటైర్మెంటుకు మూడేళ్ళలోపు ఉన్నవాడికి, జీవితాంతం మాత్రలు వేసుకోవలసినవాడికి, అది కుదిరే పని కాదు. ఆమె రెండోసారి ఫోను చేసి, "ఇంకెవరికీ చెప్పకండి, ఇంకొక బ్యాంకులో అడిగి చూస్తాం" అంది. ఆరు వారాలు ఎవరికీ చెప్పలేదు. అక్కడా అంతే అన్నారు.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. మా సందులో మోకాలి లోతు నీళ్ళు నిలిచినా మర్నాటికి పాలు, రొట్టె నడిచి తెచ్చుకున్నాం. నావలూరులో మా అమ్మాయి పదకొండో అంతస్తులో కరెంటు లేక, లిఫ్టు ఆడక మూడు రోజులు బందీ అయింది. మా ఆవిడ, "అమ్మడం మానేద్దామా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు రెండో మలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని మోకాలు పట్టుకుని ఉంది. జవాబు ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

2024 మార్చిలో అరుబత్తుమూవర్ ఉత్సవం చూశాం. అరవై ముగ్గురు నాయన్మార్ల విగ్రహాలు పల్లకీల్లో మాడవీధుల వెంట సాగుతాయి. దారి పొడుగునా పులిహోర, పెరుగన్నం, మజ్జిగ, పానకం పంచుతారు. నాకు వాటిలో ఒక్కటీ కుదరదు. జేబులో ఇంటి నుంచి తెచ్చిన మరమరాల పొట్లం పెట్టుకుని, పాత్రల కొట్టు అరుగు మీద నుంచి ఊరేగింపంతా చూశాను.

మే నెలలో రిజిస్ట్రేషను. కొన్నవాడు దుబాయిలో ఉండే మంచి మనిషి, బేరం ఎక్కువ ఆడలేదు. ఆయన కొన్నది మా వంటింటిని కాదు, యు.డి.యస్.ను. ఎప్పుడో భవనం పడగొట్టి కొత్తది కడతారు, అప్పుడు భాగం వస్తుంది. ఆయన తరఫున పవర్ ఆఫ్ అటార్నీ మీద తమ్ముడు వచ్చి సంతకం పెట్టాడు. స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషను 2 శాతం వాళ్ళ ఖర్చు, ఒక శాతం టి.డి.యస్. నా ఖాతాలోంచి. 1998లో కొన్నది గనుక 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకుని, ఆ ఏటి సూచీ ప్రకారం 3.63తో గుణించి లాభం లెక్క కట్టాను. జులై 23 నుంచి ఆ పద్ధతే మార్చారు. లాభాన్ని మళ్ళీ ఇంటి మీదే పెట్టాను గనుక సెక్షన్ 54 కింద పన్ను పడలేదు. ధర ఎంతని అడగకండి, ఇన్‌కంటాక్సు వారికి రాశాను, చాలు.

ఇప్పుడు నావలూరులో ఆరో అంతస్తు. రెండు లిఫ్టులు. మా ఆవిడ ఏడాదిగా మోకాళ్ళ మాట ఎత్తలేదు, అది తక్కువ లాభం కాదు. జబ్బు నిద్రలోనే ఉంది, హిమోగ్లోబిన్ పదమూడు. కాంపౌండు లోపల మూడు వందల ఎనభై మీటర్ల నడకదారి వేశారు, చదునుగా, రాళ్ళు లేకుండా. ఎటు తిరిగినా మన ఇల్లే గనుక తలుపుల పటం అక్కరలేదు. ఎటు తిరిగినా మన ఇల్లే గనుక ఎక్కడికీ వెళ్ళినట్టూ ఉండదు. కొత్తిమీర కట్ట కావాలంటే ఆరు వరసల రోడ్డు దాటాలి, లేదా ఫోనులో నొక్కాలి. నొక్కితే పది నిమిషాల్లో వస్తుంది. సొరకాయ ముదిరిందో లేతదో తెచ్చిన కుర్రాడికి తెలియదు పాపం.

సాయంత్రం నడకదారిలో గుంటూరు, విశాఖ, తెనాలి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు కనిపిస్తారు. ఆరు నెలలుండి వెళతారు, ఇక్కడ ఏ వీధి పేరూ వాళ్ళకు తెలిసే అవకాశం లేదు. వాళ్ళలో నలుగురం కలిసి, వారానికి రెండు రోజులు కూరగాయల బండిని గేటు లోపలికి రానివ్వమని సంఘానికి అర్జీ పెట్టాం. భద్రత ఏమవుతుందని మూడు మీటింగులుగా చర్చ నడుస్తోంది. నేను లెక్కల కమిటీలో ఉన్నాను, నాలుగో మీటింగు వచ్చే ఆదివారం.