మద్దిచెక్క, మరుదంపట్ట, ఒక ఎర్ర వేరు

మా నల్లంపల్లికి దగ్గర్లోనే అదియమాన్‌కోట్టై. ఈ తగడూరు సీమను ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి కథ ఇక్కడి బళ్లలో చదివిన మన పిల్లలందరికీ తెలుసు. ఆయుస్సు పెంచే ఉసిరికాయ ఒకటి (ఇక్కడ మనం నెల్లికాయ అనే అంటాం) ఆ రాజుకు దొరికింది. తాను తినకుండా అవ్వైయార్‌కు ఇచ్చినాడు. దాని మహిమేమిటో ముందు చెప్పలేదు. చెప్తే ఆమె తీసుకోదని భయం. తిన్న తర్వాతే ఆమెకు తెలిసింది.

ఇట్లా ప్రేమతో మందు ఇచ్చుకోవడం మన ఇళ్లల్లోనూ ఉంది. మా ఇంట్లో గుండెదడ అన్నా, ఆయాసం అన్నా మొదట వినబడే మాట మద్దిచెక్క. ఆ పేరు పలికేది మా అవ్వ ఒక్కతే. మాకు అది మరుదంపట్ట. ధర్మపురిలో నాట్టుమందు అంగట్లో అట్లా అడిగితేనే ఇస్తారు. హొగెనక్కల్ దగ్గర కావేరి ఒడ్డున తెల్లటి నున్నటి బోదెలతో నిలబడి ఉండే చెట్లు అవే. తెలుగులో తెల్లమద్ది, తమిళంలో మరుదం, సంస్కృతంలో అర్జునం. శ్రీశైలం మల్లికార్జునుడి పేరులో ఉన్నదీ, కుంభకోణం దగ్గర తిరువిడైమరుదూరు పేరులో ఉన్నదీ ఈ చెట్టే. రెండు భాషల మధ్య బతికే మనలాంటి వాళ్లకు ఇంతకన్నా చుట్టం ఎవరు?

దాని చెక్కను పాలల్లో కాచి గుండెజబ్బుకు ఇమ్మని 11వ శతాబ్దంలోనే చక్రపాణిదత్తుడు రాసిపెట్టినాడు. మా అవ్వ ఆ గ్రంథం చదవలేదు గానీ, కాచే పద్ధతి మాత్రం అదే.

ఈ ఇంటికి మొన్న ఇంకో మందు వచ్చింది. సింగపూరులో పని చేసే మా తమ్ముడు సెలవుకు వస్తూ పెద్దమ్మ కోసం ఒక చిన్న సీసా తెచ్చినాడు. అక్కడి చీనా మందుల అంగట్లో కొన్నాడంట. లోపల ఆవాలకన్నా కొంచెం పెద్దవి, గోధుమరంగు గుళికలు. పేరు డాన్‌షెన్. తనతో పనిచేసే చీనావాళ్ల ఇళ్లల్లో పెద్దలు గుండెనొప్పికి ఇదే వాడతారని చెప్పినాడు.

డాన్‌షెన్ అంటే ఒక ఎర్ర వేరు. విచిత్రం ఏమంటే ఆ మొక్క మన తులసి కుటుంబానిదే. రక్తం కదలక నిలిచిపోతే నొప్పి వస్తుందనీ, ఈ వేరు దాన్ని కదిలిస్తుందనీ చీనా వైద్యం చెప్తుంది. రెండువేల ఏళ్ల నాటిదని చెప్పే వాళ్ల పాత మూలికల గ్రంథంలోనే దీని పేరుంది. ఈ కాలంలో దీనికి సాంచీ అనే ఇంకో వేరును, కర్పూరం జాతి పదార్థం ఒకదాన్ని కలిపి గుళికలు చేస్తున్నారు.

పెద్దమ్మ సంగతి వేరే. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండె కవాటాన్ని చెడగొట్టింది. ఆపరేషన్ చేసి ఇనుపది పెట్టినారని మేం అంటాం గానీ, అది కార్బన్‌తో చేసిన కవాటం. దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె జీవితాంతం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాల. నెలకొకసారి రక్తపరీక్ష. ఐఎన్ఆర్ అనే ఆ అంకె 2.5 నుంచి 3.5 లోపల ఉండాలని డాక్టరు గీత గీసినారు. తగ్గితే కవాటం మీద గడ్డ, పెరిగితే లోపల ఎక్కడో రక్తస్రావం. ఆకుకూర ఎక్కువైనా ఆ అంకె కదులుతుంది.

సీసా చూసి పెద్దమ్మ, "డాక్టరును అడిగి వేసుకుంటాను నాయనా" అనింది.

తమ్ముడికి కొంచెం చిన్నబుచ్చినట్టయింది. "మూలికే కద పెద్దమ్మా, ఏం చేస్తుంది?" అన్నాడు.

"ఏమీ చెయ్యదనుకుంటే అంత దూరం నుంచి ఎందుకు తెచ్చినావు? చేస్తుందనుకుంటే అడగొద్దా?"

మేమెవ్వరం దీనికి బదులు చెప్పలేకపోయినాం. మూలిక అంటే బలం ఉందని నమ్ముతాం, ఆ నోటితోనే హాని చెయ్యదనీ అంటాం. బలం ఉన్నది రెండు వైపులా పని చేస్తుంది.

డాక్టరు వద్దనే చెప్పినారు. 1990లలోనే హాంకాంగ్ వైద్యులు ఇట్లాంటి రోగులను చూసి రాసినారు. కవాటానికి చికిత్స జరిగి వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు పక్కన డాన్‌షెన్ కూడా తీసుకుంటే, రక్తం హద్దు మీరి పలచబడింది. మందు పనికిరానిదని కాదు, ఈ మాత్రతో కలవకూడదు, అంతే.

ఇందులో ఇంగ్లీషు మందుకూ మూలికకూ గొడవేమీ లేదు. వార్ఫరిన్ పుట్టుక కూడా గడ్డిలోనే. 1920లలో అమెరికా, కెనడా పల్లెల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చినాయి. ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుని వెళితేనే ఈ మాత్ర వచ్చింది. పెద్దమ్మ వేసుకునే ఇంకో మాత్ర డిగాక్సిన్ కూడా ఆకుమందు వంశానిదే. విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లోవ్ ఆకు గురించి పుస్తకం రాసినప్పుడు, ఎంత ఇవ్వాల, ఎక్కడ ఆపాల అనేదే ముఖ్యంగా చెప్పినాడు. ఆకుకు కొలత దొరికితే మాత్ర అయింది.

మన మద్దిచెక్కనూ కొలిచి చూసినారు. 1995లో ఇండోర్ వైద్యులు గుండె బాగా నీరసించిన 12 మందికి ఇచ్చి మేలు కనిపించిందని రాసినారు. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 100 మందితో, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చినారు. 12 వారాల తర్వాత గుండె రక్తాన్ని తోసే బలంలో తేడా రాలేదు. కొందరికి మాత్రం నడవడం, ఆయాసం కొంచెం నయమనిపించింది. మా అవ్వకు ఇది చదివి వినిపిస్తే, "కొందరికి అయింది కదా" అనింది.

తమ్ముడు సీసాను తిరిగి తీసుకుపోయినాడు. పోయే ముందు పెద్దమ్మ మందుల చీటీ వాడే కూర్చుని కొత్తగా రాసినాడు. మాత్రలన్నీ, వాటి కింద కషాయాలు, చూర్ణాలు కూడా. మద్దిచెక్క దగ్గర ఆగి, "డాక్టరుకు ఈ పేరు తెలుస్తుందా?" అని అడిగినాడు. పక్కనే తమిళంలో మరుదంపట్ట అనీ, ఇంగ్లీషులో అర్జున అనీ చేర్చినాడు. ఇప్పుడా చీటీ పెద్దమ్మ చేతిసంచీలో, ఐఎన్ఆర్ పుస్తకం మధ్యలో ఉంటుంది. మీ ఇంట్లోనూ ఇట్లాంటిది ఒకటి రాసిపెట్టండి. అవ్వలు పలికే పేరుతో మొదలుపెట్టి, డాక్టరుకు తెలిసే పేరుతో ముగించండి.