ఇరవై అయిదు గంటల శుక్రవారం

ఓడ ప్రయాణం అనగానే మన సినిమా వాళ్ళకి గుర్తొచ్చేది ఒక్కటే – డెక్ మీద డ్యూయెట్! హీరోకి తెల్ల ప్యాంటు, హీరోయిన్‌కి ఎగిరే పైట, వెనకాలంతా నీలం. అమెరికా వాళ్ళూ తక్కువేం తినలేదు లెండి. 1977 నుంచి 1986 దాకా అక్కడ టీవీలో ‘ది లవ్ బోట్’ అనే సీరియల్ వచ్చింది. వారం వారం ఓడెక్కేవాళ్ళూ, ప్రేమలో పడేవాళ్ళూ, గట్టు చేరేలోగా రాజీ పడేవాళ్ళూ... ఇదే కథ. అందులో ఓడ ‘పసిఫిక్ ప్రిన్సెస్’ నిజం ఓడే గానీ, సీరియల్లో చాలా భాగం తీసింది మాత్రం లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వేసిన సెట్లలో! లాస్ ఏంజెలెస్ నుంచి మెక్సికో తీరం వెంట వెళ్ళే ఓడ దారిని జనం నోట నానేలా చేసింది ఆ సీరియలే. పాపం, ఆ ఓడ 2013లో టర్కీలో తుక్కు కింద పోయింది. దారి మాత్రం ఇంకా నడుస్తోంది. మొన్న ఫిబ్రవరిలో ఆ దారినే మేమూ వెళ్ళొచ్చాం.

మేమంటే నేనూ, మా ఆవిడా, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయీ, కోడలూ, ఆరేళ్ళ మనవరాలూ. శనివారం ఎక్కితే మళ్ళీ శనివారం తెల్లారేసరికి దింపేస్తారు. మధ్యలో మూడు ఊళ్ళు – పుయెర్తో వయార్తా, మసత్లాన్, కాబో సాన్ లూకాస్. వయార్తా గురించి ఒక్క ముక్క చెప్పకపోతే సినిమా పాఠకులు నన్ను క్షమించరు. 1963లో జాన్ హ్యూస్టన్ ‘ది నైట్ ఆఫ్ ది ఇగ్వానా’ ఔట్‌డోర్ పెట్టుకున్నది ఈ ఊరి పక్కనున్న మిస్మలోయాలోనే. రిచర్డ్ బర్టన్ హీరో. అవా గార్డ్‌నర్, డెబొరా కెర్ ఉన్నారు. కానీ విలేఖరులు ఎగబడింది మాత్రం ఆ సినిమాలో వేషమే లేని ఎలిజబెత్ టేలర్ కోసం! బర్టన్‌తో పాటు వచ్చి మకాం వేసింది మహాతల్లి. అప్పటికి ఆయనకీ పెళ్ళయింది, ఆవిడకీ పెళ్ళయింది – ఒకరితో ఒకరికి మాత్రం కాదు! 1964 మార్చిలో ఆ లోటూ తీరిపోయిందనుకోండి. ఆ గొడవతో ఊరు కాస్తా ప్రపంచ పటం మీదికెక్కింది.

సరే, నేను చెప్పదలచుకున్నది ఊళ్ళ గురించి కాదు. ఏ ఊరూ రాని రోజు గురించి. గురువారం సాయంత్రం కాబో వదిలితే శనివారం తెల్లవారుజామున గానీ గట్టు తగలదు. శుక్రవారమంతా నీళ్ళే! ఓడ వాళ్ళు దీన్ని ‘సీ డే’ అంటారు. చూడ్డానికేమీ ఉండదు, దిగడానికేమీ ఉండదు.

“ఇంత డబ్బు పోసి ఊరికే కూర్చోవడమా?” అంది మా ఆవిడ.

పైగా ఆ రోజుకి ఒక గంట ఎక్కువ. చలికాలంలో కాబో టైముకీ లాస్ ఏంజెలెస్ టైముకీ గంట తేడా. పడుకునే ముందు గడియారాలు గంట వెనక్కి తిప్పుకోమని గదిలో చీటీ పెట్టారు. అంటే ఇరవై అయిదు గంటల శుక్రవారమన్నమాట!

పొద్దున్నే లేచి పైడెక్ మీదికి వెళ్దును గదా, అప్పటికే సగం కుర్చీల మీద తువ్వాళ్ళున్నాయి. మనుషులు లేరు, తువ్వాళ్ళే! మన బస్సుల్లో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకోవడం ఇక్కడా ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. వారమంతా గ్రూపులు కట్టి బస్సులెక్కి, ఫొటోలకి పరుగులు పెట్టిన జనం ఆ రోజు ఎక్కడివాళ్ళక్కడ చేరగిలబడ్డారు. ఒకాయన పుస్తకం గుండెల మీద పెట్టుకుని హాయిగా గుర్రు పెడుతున్నాడు. ఒక ముసలి దంపతులు మాటామంతీ లేకుండా పేకాట ఆడుతున్నారు. కింద షాపుల్లో ఆఖరి రోజు తగ్గింపు ధరలు. మా కోడలు అటే వెళ్ళింది.

టిఫిన్లయ్యాక మా వాడొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో ఫోను లేదు! నడిసముద్రంలో మామూలు సిగ్నల్ ఉండదు. ఓడలో వైఫైకి వేరే డబ్బు కట్టాలి. వాడు కట్టలేదు. మేం అమెరికా వచ్చి అయిదు నెలలు. ఒకే ఇంట్లో ఉన్నా వాడితో గట్టిగా అరగంట కూర్చున్నది లేదు. పగలంతా మీటింగులు, రాత్రయితే హైదరాబాదు ఆఫీసు వాళ్ళతో కాల్స్. వచ్చే నెల మాకు తిరుగు టిక్కెట్లు.

“నాన్నా, మీకూ అమ్మకీ గ్రీన్ కార్డుకి పెట్టేస్తాను” అన్నాడు సముద్రం వంక చూస్తూ.

వాడికి అక్కడి పౌరసత్వం వచ్చింది కనక కన్నవాళ్ళకి అప్లై చెయ్యొచ్చు. చుట్టపు చూపుగా వచ్చిన మాలాంటి వాళ్ళకి మామూలుగా ఇచ్చేది ఆర్నెల్లు. కార్డుంటే ఆ బెంగ లేదు. ఇంకో బెంగ ఉంది – కార్డు పుచ్చుకుని ఏడాది దాటి మన ఊళ్ళో ఉండిపోతే కార్డుకే ఎసరు. ఇప్పుడు అమెరికాకి చుట్టపు చూపుగా వస్తున్నాం. అప్పుడు తెనాలికి వెళ్ళాలి, చుట్టపు చూపుగా!

నేను మాట్లాడలేదు. వాడే అన్నాడు: “పోయినేడాది అమ్మ బాత్‌రూములో జారిపడితే నేను ఇల్లు చేరేసరికి ముప్ఫై గంటలు పట్టింది. ఆ ముప్ఫై గంటలూ నేనెలా ఉన్నానో మీకు తెలీదు.”

నిజమే, తెలీదు. ఆ రోజు వాడొచ్చి నవ్వుతూనే తలుపు తోశాడు.

ఎదురు కుర్చీలో మా ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. నిద్ర కాదని మా ఇద్దరికీ తెలుసు. “ఆర్నెల్లిక్కడ, ఆర్నెల్లక్కడ ఉండకూడదుట్రా?” అంది కళ్ళు తెరవకుండానే.

“కొన్నాళ్ళు చెల్లుతుందమ్మా. తర్వాత ఎయిర్‌పోర్టులో అడుగుతారు, నీ ఇల్లు ఎక్కడా అని.”

ఇంతలో “తాతయ్యా!” అని మనవరాలి కేక. సెడ్రోస్ అనే దీవి దాపుల్లో పోతున్నాం. దూరంగా నీళ్ళలోంచి తెల్లగా ఆవిరి చిమ్మింది. మళ్ళీ ఇంకొకటి. బూడిదరంగు తిమింగలాలు! ఇవి వేసవంతా ఉత్తరాన అలాస్కా అవతలి మంచు సముద్రాల్లో మేసి, చలికాలానికి వేల మైళ్ళు ఈదుకుంటూ ఈ బాహా కాలిఫోర్నియా ఉప్పుటేరుల్లోకి పిల్లల్ని కనడానికొస్తాయి. ఫిబ్రవరి నుంచీ తిరుగు ప్రయాణం. 1857 తర్వాత వేటగాళ్ళు ఈ ఉప్పుటేరుల్లోనే దొరికినవాటిని దొరికినట్టు చంపారు. ఇప్పుడది రక్షిత ప్రాంతం. డెక్ మీద తువ్వాళ్ళన్నీ వదిలేసి జనమంతా ఒకే పక్కకి చేరిపోయారు. అయిదు నిమిషాల్లో ఏమీ లేదు. ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు!

మధ్యాహ్నం నుంచీ గాలి మారింది. కాబోలో నీళ్ళు 22 డిగ్రీలుంటే, కాలిఫోర్నియా దగ్గర 14, 15. ఉత్తరం నుంచి చల్లటి ప్రవాహం, దానికి తోడు ఎదురుగాలి. పొద్దున ఈతకొలనులో తేలినవాళ్ళు సాయంత్రానికి దుప్పట్లు కప్పుకున్నారు. ఈ గాలికో సినిమా కథ ఉంది. జేమ్స్ కామెరాన్ ‘టైటానిక్’ (1997) తీసింది ఈ తీరంలోనే, రొసారితో పక్కన. పెద్ద తొట్టి కట్టి అందులో ఇంచుమించు అసలు సైజు ఓడ నిలబెట్టారు. కానీ కుడి పక్క మాత్రమే పూర్తి చేశారు! ఇక్కడ గాలి ఎప్పుడూ ఉత్తరం నుంచి వీస్తుంది కనక పొగ వెనక్కి పోతూ, ఓడ ముందుకి పోతున్నట్టు కనిపిస్తుందని లెక్క. రేవులో బయల్దేరే సీనుకేమో ఎడమ పక్క కావాలి. అక్షరాలూ దుస్తులూ అద్దంలోలాగా తిరగేసి తయారుచేసి, తీశాక బొమ్మని తిప్పేశారు! రాత్రి పదకొండింటికి మా ఓడ ఆ దాపుల్లోంచే పోయింది. కెమెరామన్ల తెలివికి చేతులెత్తి మొక్కాలి.

భోజనాల దగ్గర మాకు వడ్డించే కుర్రాడు గోవా వాడు. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఇంకా మూడు మిగిలున్నాయట. రేపు పొద్దున మేం దిగడం, మధ్యాహ్నానికి కొత్తవాళ్ళెక్కడం, సాయంత్రానికి మళ్ళీ ఓడ కదలడం. అతనికి కిందికి దిగి ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి గంటన్నర దొరికితే గొప్ప. మా మనవరాలికి రెండో ఐస్‌క్రీం తెచ్చిపెట్టి, తన కూతురుకీ ఆరేళ్ళే అన్నాడు.

రాత్రి పెట్టెలకి చీటీలు కట్టి గుమ్మం బయట పెట్టాలి. పొద్దున వేసుకునే బట్టలు మాత్రం ఉంచుకోవాలి సుమండీ! వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఇంకో మాట: స్వెట్టరు మరిచిపోకండి. తిరుగు ప్రయాణంలో తీరం కుడి పక్క ఉంటుంది, సూర్యాస్తమయం ఎడమ పక్క.

పెట్టెలు బయట పెట్టాక మా వాడు మళ్ళీ మా గదికొచ్చాడు. మంచం చివర కూర్చుని, చాలాసేపు తెనాలి ఇంటి పెరట్లో జామచెట్టు గురించీ, వీధి చివర థియేటర్లో నేలక్లాసులో చూసిన సినిమాల గురించీ మాట్లాడాడు. ఒంటిగంట దాటింది.

“ఆ ఫారం నింపుతాను నాన్నా. సంతకం పెట్టేదీ లేనిదీ మీ ఇష్టం” అన్నాడు లేస్తూ.

వద్దని నేను అనలేదు. మా ఆవిడ, వాడి స్వెట్టరు పైగుండీ పెట్టి పంపింది.