బలమంతా ఇంజనుదేనా?

డ్రాగ్ రేసంటే గుండ్రంగా తిరిగే పందెం కాదండీ. రెండు కార్లు, తిన్నని బాట, పావు మైలు. మనం కుక్కరు మూత బిగించేలోగా అయిపోతుంది!

అమెరికాలో ఉన్న మా అక్క కొడుక్కి ఇదే పిచ్చి. పాత చిన్న కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజను దింపుతాడట. "దింపడం తేలికే పిన్నీ, విరిగేవి గేరుబాక్సూ, ఇరుసులూను" అన్నాడు. ఆగి ఉన్న కారు ఒక్కసారిగా దూకుతుంది. వెడల్పు టైరు నేలను పట్టుకుని జారనివ్వదు. ఆ తోపుడంతా మధ్యనున్న ఇరుసు మీద పడుతుంది. ఇంటి చాకిరీ అంతా కొత్తకోడలి మీద పడ్డట్టు! (ఈ పోలిక వాడికి నచ్చలేదు. మీకు నచ్చుతుందని తెలుసు.)

డాన్ గార్లిట్స్ కథ చదివాక మాత్రం నాకు నవ్వు రాలేదు. 1970 మార్చిలో, కాలిఫోర్నియాలో, బయల్దేరే గీత దగ్గరే అతని కారు గేరుబాక్సు పేలింది. కారు రెండు ముక్కలు. కుడిపాదంలో కొంతభాగం తెగిపోయింది. అప్పట్లో డ్రైవరు ఇంజను వెనకాల కూర్చునేవాడు, అవన్నీ కాళ్ల దగ్గరే. మంచంలో పడుండి కూడా ఆ మనిషి కొత్త కారు గురించే ఆలోచించాడు. ఇంజనును తన వీపు వెనక్కి మార్చి, 1971లో పొమోనాలో దానితోనే గెలిచాడు. కొన్నేళ్లలో ఆ తరగతివాళ్లంతా అలాగే కట్టుకున్నారు, తమ పాదాలు తమకుండగానే.