దస్తర్‌ఖాన్‌పై రెండు పళ్ళేలు

2018 ప్రారంభంలో మా బైరెడ్డిపల్లెలో ఎక్కడ నలుగురు కలిసినా మాట చివరికి కొబ్బరినూనె దగ్గరికే వచ్చేది. విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణగారు చెప్పే ఆహార నియమం అప్పటికే సెల్‌ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరింది. అన్నం, రొట్టె, సంగటి, పప్పులు, పండ్లు, చక్కెర మానివేయాలి. రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు తీసుకోవాలి. దానితోపాటు మూడు నిమ్మకాయల రసం, నాలుగు లీటర్ల నీరు, విటమిన్ మాత్రలు. క్లుప్తంగా నియమం ఇంతే. ఆయన వైద్యుడు కారు. పలువురు వైద్యులు ఈ పద్ధతిపై బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు. ఆ మాటలూ మేము విన్నాము. కాని బరువు తగ్గినవారు కళ్ళెదుట తిరుగుతున్నప్పుడు అభ్యంతరాలు చెవికెక్కవు.

ఇది మేము భార్యాభర్తలము ఇద్దరమూ కలిసి వ్రాస్తున్న అనుభవం. మాలో భర్తకు అప్పటికే తొమ్మిదేళ్ళుగా మధుమేహం. భార్యకు అధిక బరువు, మోకాళ్ళ నొప్పి. సజ్దా నుండి లేవడానికి ఆమె నేలపై రెండు చేతులూ ఆనించవలసి వచ్చేది. చివరకు కుర్చీపై కూర్చొని నమాజు చేయడం మొదలయింది. నలభై రెండేళ్ళకే కుర్చీ నమాజు ఏమిటన్న బాధే మమ్మల్ని ఈ దారికి తెచ్చింది. శరీరం అల్లాహ్ మన చేతికి ఇచ్చిన అమానతు అని పిల్లలకు చెబుతూ వచ్చినవాళ్ళమే, ఆ అమానతును ఎలా ఉంచుకున్నామో చూసుకోలేదు.

మాది రాగుల సీమ. నూకలు ఉడికిన ఎసట్లో రాగిపిండి పోసి, కట్టెతో గెలికి, చేతులు తడుపుకొని ముద్దలు చేసి వడ్డించడం మా వైపు ఏ మతంవారి ఇంటనైనా ఒకటే. ఆ ముద్దకు జతగా మాంసం పులుసో, ఆకుకూరో, చెనిగ్గింజల ఊరిబిండో ఉంటుంది. రాగులు మధుమేహానికి మంచివన్న మాట ఎంతగా నాటుకుపోయిందంటే, రెండు పెద్ద ముద్దలు తిని కూడా మేము పథ్యంలోనే ఉన్నామనుకునేవాళ్ళము. రాగుల్లో సున్నం, పీచు సమృద్ధిగా ఉన్నమాట నిజమే. కాని 100 గ్రాముల రాగుల్లో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. ఆ లెక్క మాకు తెలియజేసినందుకు మాత్రం ఈ నియమానికి మేము ఎప్పటికీ ఋణపడి ఉంటాము.

ముస్లిం ఇళ్ళలో దీనికి మరొక ఆకర్షణ కూడా ఉన్నది, దాచుకోవడమెందుకు? ఎవరో ఒకరు వచ్చి మాంసం తినండి, నెయ్యి వేసుకోండి, గుడ్లు తినండి, మీగడ తినండి అంటే కాదనే ఇల్లు మనలో ఎన్ని? పథ్యమంటే చప్పిడి తిండి అనుకున్న మాకు ఖీమా, పాయా పథ్యమైపోయాయి.

ఇదంతా కొత్తగా పుట్టినదని అప్పుడు అనుకున్నాము. కాదని తరువాత చదివి తెలుసుకున్నాము. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఉండిన విలియం బాంటింగ్ అనే వ్యక్తి, రొట్టె, చక్కెర, బంగాళాదుంపలవంటివి మాని తాను బరువు తగ్గిన సంగతిని 1863లోనే చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్, కొవ్వు ఎక్కువ, పిండి బహుతక్కువ ఉండే ఆహారాన్ని మూర్ఛవ్యాధి చికిత్సకు సూచించాడు. పిండిపదార్థం అందనప్పుడు కాలేయం కొవ్వు నుండి కీటోన్లను తయారుచేసి శరీరానికి ఇంధనంగా అందిస్తుంది. మూర్ఛవ్యాధికి దీనిని వైద్యుల పర్యవేక్షణలో ఇప్పటికీ వాడుతున్నారు. ‘వైద్యుల పర్యవేక్షణలో’ అన్న ఆ రెండు మాటలే మేము విడిచిపెట్టినవి.

మొదటి వారం తలనొప్పి, నీరసం, మలబద్ధకం. రెండవ వారానికి బట్టలు వదులయ్యాయి. తొలిరోజుల్లో తగ్గేది చాలావరకు ఒంటిలోని నీరేనని మాకు తెలియదు. కొవ్వే కరిగిపోతున్నదని సంబరపడ్డాము. మూడవ నెల వచ్చేసరికి భార్య బరువు 84 కిలోల నుండి 75కు దిగింది. ఒక ఫజ్ర్ వేళ ఆమె కుర్చీని గోడవారకు జరిపి, నేలపై నమాజు చేసి, చేయి ఆనించకుండా లేచింది. ఆ ఉదయం ఇంట్లో ఉన్న సంతోషాన్ని ఈ వ్యాసంలో ఏ మాటా తక్కువ చేయకూడదని మా కోరిక.

అయితే దస్తర్‌ఖాన్ మారిపోయింది. మా ఇద్దరి పళ్ళేలు ఒకవైపు, అమ్మీ పళ్ళెం, పిల్లల పళ్ళేలు మరొకవైపు. గుడ్లు, నెయ్యి మా వైపు. అన్నం, చారు వారివైపు. చిన్నవాడు గుడ్డువైపు చూస్తే “అది అబ్బా మందు” అని చెప్పవలసి వచ్చిన రోజులున్నాయి. ఎందుకంటే వంటింటి ఖర్చు రెట్టింపు దాటింది. తమకు కడుపు నిండడంలేదని సహచరులు విన్నవించుకున్నప్పుడు, విడివిడిగా తింటున్నారేమోనని అడిగి, కలిసి తినమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసును మేము ఎన్నోసార్లు విన్నాము. అది మా ఇంటికి వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. అందరమూ ఒకే గుడ్డ చుట్టూ కూర్చుంటున్నాము కదా అనుకున్నాము.

ఏప్రిల్‌లో ఒక రాత్రి, ఇషా నమాజు తరువాత, భర్తకు ఉన్నట్టుండి చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. మాట ముద్దగా వచ్చింది. పెద్దవాడు యంత్రంతో వేలికొన రక్తం పరీక్షిస్తే 52 చూపింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదమని ఆ యంత్రంతో వచ్చిన కాగితంలోనే ఉన్నది. వెంటనే చక్కెర నీళ్ళు పట్టించాలి. కాని చక్కెర మా వంటింట్లో లేదు. నియమం చెడుతుందని మేమే తీసివేశాము.

“నా పెట్టెలో ఉంది, తీసుకురా బేటా” అన్నది అమ్మీ. తన టీ కోసం ఆమె చిన్న డబ్బాలో దాచుకున్న చక్కెర అది. పెద్దవాడు పెట్టె మూత ఎత్తి, ఉన్నవన్నీ నేలమీద పెట్టి, అడుగున ఉన్న డబ్బా తెచ్చాడు. నీళ్ళలో కలిపి తాగించాము. పదిహేను నిమిషాలకు 79. మాట తేటపడింది. అల్‌హందులిల్లాహ్.

అప్పుడు చూశాము నేలమీద ఉన్నవాటిని. రెండు చీరలు, తస్బీహ్, మందుల కాగితాలు, నాలుగు బన్ను పొట్లాలు. ఒకటి సగం తిన్నది.

అడిగితే మొదట చెప్పలేదు. చివరకు, “నా ఒక్కదానికోసం ఎవరు సంగటి గెలుకుతారు? అన్నం నాకు పడదు. మీరు ఆరోగ్యం కోసం తిప్పలు పడుతుంటే మధ్యలో నేనెందుకు అడగాలి?” అన్నది. మరునాడు ఆమెను కూడా తూకం ఎక్కించాము. ఏడాది క్రితం ఆసుపత్రి చీటీలో ఉన్న బరువుకంటే ఆరు కిలోలు తక్కువ. మా ఇద్దరి బరువును వారం వారం గోడ క్యాలెండరుపై వ్రాసుకున్న మేము, డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి మా ఎదుటే చిక్కిపోతుంటే చూడలేదు. ఆమె ముందు తల ఎత్తలేకపోయాము.

పలమనేరులో వైద్యుణ్ణి కలిసినప్పుడు ఆయన ముందుగా అడిగింది మాత్రల సంగతి. భర్త వాడుతున్నవి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. రెండవది క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పళ్ళెంలో పిండిపదార్థం ఉన్నా లేకపోయినా అది తన పని చేస్తూనే ఉంటుంది. మేము తిండిని తలక్రిందులు చేసి, మాత్రను మాత్రం పాత మోతాదులోనే మింగుతూ వచ్చాము. తిండి తగ్గించడం కంటే, ఎవరికీ చెప్పకుండా తగ్గించడమే మమ్మల్ని ఆ స్థితికి తెచ్చిందని ఆయన అన్నారు. ఆ తప్పు పూర్తిగా మాదే. ఈ మాత్రగాని, ఇన్సులిన్‌గాని వాడేవారు ఎవరైనా ఇలాంటి నియమం మొదలుపెట్టదలిస్తే, ఆ రోజుకు ముందే వైద్యుని గడప తొక్కండి. మాత్రను సొంతంగా మానివేయకండి. అది మరోవైపు ప్రమాదం.

పరీక్షల్లో మూడు నెలల సగటు చక్కెర 9.1 నుండి 6.8కు దిగింది. చెడు కొలెస్టరాల్ మాత్రం పెరిగింది. ఒకే కాగితంలో శుభవార్తా, హెచ్చరికా. వైద్యుడు గ్లిమెపిరైడ్ ఆపించి, నెయ్యిని రోజుకు రెండు చెంచాలకు తగ్గించమన్నారు.

మే నెలలో రమజాన్ వచ్చింది. రోగులకు ఉపవాసాల విషయంలో అల్లాహ్ ఇచ్చిన సడలింపు తెలిసినదే కనుక, ముందుగానే వైద్యుణ్ణి అడిగాము. పగలు రెండుసార్లు పరీక్షించుకుంటూ, చక్కెర 70కి తగ్గితే వెంటనే విరమించాలన్న షరతుపై ఆయన ఒప్పుకున్నారు. వేలికొన నుండి రక్తపుచుక్క తీసినంత మాత్రాన ఉపవాసం భంగం కాదని పండితులు చెబుతారు. ఇఫ్తార్‌కు ఖర్జూరం ఒక్కటే. మసీదు నుండి పిల్లలు తెచ్చే గంజిని ఒక పెద్ద పాత్రలో పోసుకొని ఆరుగురమూ అందులోనుండే తీసుకున్నాము. మా ఇద్దరికీ నాలుగేసి చెంచాలు, మిగిలినది వారికి. నాలుగు చెంచాల గంజిలో పిండిపదార్థం ఎంతో లెక్కవేసే అలవాటు అప్పటికి పోలేదు, అయినా వేయలేదు.

కఠిన నియమం అంతటితో ఆగిపోయింది. కడుపులో మూడవ వంతు తిండికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు ఊపిరికి అన్న ప్రవక్త (స) బోధనను ఇప్పుడు పళ్ళెం ముందు కూర్చొని గుర్తుచేసుకుంటున్నాము. ముందు ఆకుకూర, మాంసం. తరువాత నిమ్మకాయంత సంగటి. చక్కెర, మైదా, పండ్లరసాలు ఇంట్లోకి రావు. భార్య బరువు కొంత పెరిగి 77 వద్ద నిలిచింది. భర్త సగటు చక్కెర 7 దాటి ఉంటున్నది. అంతకుముందు కనిపించిన 6.8 మళ్ళీ కనబడలేదు. వలీమాల్లో కుష్కా ముందు ఇప్పటికీ మా సంకల్పం సడలుతుంది. అయినా కుర్చీ గోడవారనే ఉన్నది. అతిథులు వస్తే వాడుతున్నాము.

అమ్మీ పెట్టెలో చక్కెర డబ్బా ఇప్పటికీ ఉన్నది. బన్నులు లేవు. సంగటి రోజూ గెలుకుతున్నాము. ఆమె ముద్ద పెద్దది, మావి చిన్నవి, పులుసు గిన్నె ఒక్కటే. మా చిన్న ముద్దలు చూసి ఆమె ప్రతిరోజూ, “ఇది పిల్లికి చాలుతుందా?” అంటూనే ఉంటుంది.